యాప్ మనది, ఫోన్ వాళ్లది

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు ఉన్న తెలుగువాళ్లకు పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చేరిన రోజే ఆధార్ ఫొటో తీసుకుంటారు, అడ్వాన్సు రాసుకుంటారు, ఇంట్లోవాళ్ల నంబరు అడుగుతారు. ఒకప్పుడు ఇదంతా పొడుగాటి రిజిస్టరులో ఉండేది. ఇప్పుడు వార్డెన్ ఫోన్లోకి వచ్చింది. అలా ఫోన్లోకి తెచ్చే యాప్ ఒకటి మా చిన్న కంపెనీ తయారుచేస్తుంది. అందులో నేను ఆండ్రాయిడ్ వైపు కోడ్ రాస్తాను. మాది అనంతపురం. బెంగళూరు మాకు పక్కూరి లెక్క కాబట్టి చదువైపోగానే ఇక్కడికే వచ్చేశాను.

సెక్యూరిటీ గురించి మా టీములో ఉన్న అవగాహన అంతా కలిపి ఒక వాక్యం: లాగిన్ ఉంది, ఓటీపీ ఉంది, దారిలో ఎవరూ చదవకుండా కాపాడే హెచ్‌టీటీపీఎస్ ఉంది. చాలా బ్రాంచీలున్న పీజీ సంస్థ ఒకటి మా యాప్ తీసుకుంటామంటూ, ముందు బయటివాళ్లతో సెక్యూరిటీ టెస్టు చేయించి రిపోర్టు ఇవ్వమంది. రిపోర్టు వచ్చింది. హై అని ఎరుపులో, మీడియం అని నారింజలో, లో అని పసుపులో. సగం పదాలు గూగుల్ చేస్తే గానీ అర్థం కాలేదు. మేనేజరు దాన్ని నాకు ఫార్వర్డ్ చేసి, "వచ్చే రిలీజులోపు అన్నీ క్లోజ్ చేసేద్దాం" అన్నాడు, పాలప్యాకెట్ తెమ్మన్నంత తేలిగ్గా.

మా బిల్డింగులో కింది ఫ్లోరులో ఒక గుంటూరు అక్క ఉంటుంది. వేరే కంపెనీలో ఇలాంటి టెస్టులు చేయడమే ఆమె ఉద్యోగం. రిపోర్టు పట్టుకుని వెళితే చేయి అడ్డం పెట్టింది. "అది మీ కంపెనీ కాయితం. నాకు చూపించకు. నువ్వు ముందు మీ యాప్‌ని ప్లే స్టోర్‌లోంచి దింపుకుని విప్పి చూడు తమ్ముడూ. లోపలేముందో చూశాక రిపోర్టు చదువు, అదే అర్థమవుతుంది." నా చదువు మొత్తంలో పనికొచ్చిన సలహా ఇదే. తక్కినదంతా దీని కొనసాగింపే.

కంప్యూటర్ నుంచి ఫోన్‌కు కమాండ్లు ఇచ్చే ఏడీబీతో ఫోన్లోంచి ఏపీకే (యాప్ ఫైలు) లాగి, కోడ్‌ను మళ్లీ చదివేలా చేసే జాడెక్స్ అనే ఉచిత టూల్‌లో తెరిచాను. మేము కోడ్‌ను కుదించి పేర్లు మార్చే ఆర్8 వాడతాం కాబట్టి క్లాసుల పేర్లన్నీ ఏ, బీ, సీ అని చిన్న చిన్న అక్షరాలైపోయాయి. అది చూసి మొదట ధైర్యం వచ్చింది. కానీ ఆర్8 పేర్లు మారుస్తుంది గానీ, కోట్స్ మధ్య రాసిన మాటలు ముట్టుకోదు. వెతుకు పెట్టెలో హెచ్‌టీటీపీ అని కొట్టగానే మా సర్వర్ అడ్రసులన్నీ వరసగా వచ్చాయి, బయటివాళ్లకు తెలియదనుకున్న స్టేజింగ్ (పరీక్షలకు వాడే సర్వర్) అడ్రసుతో సహా. కీ అని కొడితే, బయటి సేవలను మా పేరుతో వాడుకోనిచ్చే రహస్య కోడ్‌లు, అంటే కీలు, రెండు దొరికాయి. ఒకటి మ్యాప్‌ది, ఒకటి ఎస్ఎంఎస్ పంపే గేట్‌వేది.

ఈ రెండూ ఒకటి కావని తెలుసుకోవడానికి కొంత చదవాల్సి వచ్చింది. మ్యాప్ కీ యాప్‌లో ఉండక తప్పదు. దాన్ని మన ప్యాకేజీ పేరుకూ, యాప్ మీద మనం వేసే డిజిటల్ సంతకం గుర్తుకూ కట్టేసి, ఏ సేవకు పనికిరావాలో గూగుల్ కన్సోల్‌లో గిరిగీస్తే చాలు. ఎస్ఎంఎస్ కీ అలా కాదు. అది దొరికినవాడు మా పేరుతో, మా డబ్బుతో ఎవరికైనా ఏ సందేశమైనా పంపగలడు. దాన్ని యాప్‌లో ఎంత లోతుగా దాచినా ప్రయోజనం లేదు. సర్వర్‌కు మార్చాలి, పాత కీని రద్దు చేయాలి. రద్దు చేయడమే అసలు పని. కోడ్‌లోంచి తీసేసినంత మాత్రాన నిన్నటి వెర్షన్ లోకంలోంచి పోదు కదా.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ సెక్యూరిటీ మీద పనిచేసే ఓవాస్ప్ అనే లాభాపేక్ష లేని సంస్థ వాళ్ల జాబితా ముట్టుకున్నాను. మొబైల్ యాప్‌లలో ఎక్కువగా కనిపించే పది ప్రమాదాల జాబితా అది. 2024 జాబితాలో మొదటిది ఇదే: రహస్య కీలు, పాస్‌వర్డ్‌లను సరిగ్గా వాడకపోవడం. యూట్యూబ్‌లో చాలా పాఠాలు ఇంకా 2016 జాబితానే చెబుతున్నాయి, కొత్తగా నేర్చుకునేవాళ్లు చూసుకోవాలి. నిజానికి ఆ పది కంటే వాళ్లదే ఎంఏఎస్‌వీఎస్ అనే ప్రమాణ పత్రం నాకు ఎక్కువ పనికొచ్చింది. 2023లో దాన్ని తిరగరాసి పొట్టిగా చేశారు. ఏం చేయకూడదో కాక ఏం ఉండాలో చెబుతుంది. ఎలా పరీక్షించాలో చెప్పే పెద్ద గైడు వేరే ఉంది. రెండూ ఉచితమే. డబ్బు కట్టే కోర్సు ఒకటి కూడా చూశాను, స్లైడ్లు బాగున్నాయి. అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

తర్వాతి పని యాప్‌కూ సర్వర్‌కూ మధ్య కూర్చోవడం. బర్ప్ సూట్ అనే ప్రాక్సీ ల్యాప్‌టాప్‌లో నడిపి, ఫోన్ ట్రాఫిక్ అంతా దానిమీదుగా పంపాలి. ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు మనం చేత్తో పెట్టిన సర్టిఫికెట్‌ను, అంటే సర్వర్ అసలైనదేనని చెప్పే పత్రాన్ని, మామూలుగా నమ్మవు, అందుకని ఏమీ కనిపించదు. సొంత యాప్ కాబట్టి నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్ ఫైల్లో డీబగ్ బిల్డ్‌కు (మా పరీక్షల వెర్షన్‌కు) మాత్రం ఆ సర్టిఫికెట్‌ను నమ్మమని రాసుకున్నాను. ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) వాడేవాళ్లకు ఒక చిట్కా: ప్లే స్టోర్ ఉన్న ఇమేజ్‌లో ఏడీబీకి రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం) ఇవ్వదు, గూగుల్ ఏపీఐస్ అని ఉండే ఇమేజ్ తీసుకోండి. ఇది తెలియక రాత్రుళ్లు పాడుచేసుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఆ సర్టిఫికెట్ ఎర్రర్ పోగొట్టడానికి ఇంటర్నెట్‌లో ఒక పాత ఉపాయం తిరుగుతుంటుంది. సర్టిఫికెట్‌ను నమ్మాలో వద్దో తేల్చే ట్రస్ట్ మేనేజర్ అనే కోడ్ రాసి, సర్వర్‌ను పరీక్షించే ఫంక్షన్‌ను ఖాళీగా వదిలేయడం. ఎర్రర్ పోతుంది. దాంతోపాటు హెచ్‌టీటీపీఎస్‌కు ఉన్న అర్థమూ పోతుంది, దారిలో ఎవరు చూపించిన సర్టిఫికెట్‌కైనా యాప్ సరేనంటుంది. కోడ్ రాసిపెట్టే ఏఐని అడిగినా ఒక్కోసారి అదే ఇస్తుంది, పాత సమాధానాలు చదివి పెరిగిందే కదా.

ప్రాక్సీ పనిచేశాక స్టేజింగ్ సర్వర్ మీద వార్డెన్ లాగిన్‌తో కూర్చున్నాను. ఒక అద్దెదారు వివరాలు తెరిస్తే, ఆ రిక్వెస్టు చివర ఒక నంబరు ఉంది. నంబరు ఒకటి పెంచి మళ్లీ పంపాను. వేరే బ్రాంచీలో ఉండే మనిషి వివరాలొచ్చాయి, ఆధార్ ఫొటో లింకుతో సహా. టెస్ట్ డేటానే, ఆ ఫొటోలో ఉన్నది మా క్యూఏ (యాప్‌ను పరీక్షించే) వాళ్లు పెట్టిన పిల్లిబొమ్మే. అయినా కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. రిపోర్టులో దీన్ని ఒకే వరుసలో రాశారు. ఆ వరుస చదివినప్పుడు నాకు ఏమీ అనిపించలేదు.

బ్యాకెండ్ (సర్వర్ వైపు) చూసే కన్నడ మిత్రుడికి చూపిస్తే, "ఆ బటన్ వార్డెన్‌కు కనిపించదు కదా గురూ?" అన్నాడు. అవును, కనిపించదు. వేరే బ్రాంచీల మనుషుల్ని వార్డెన్‌కు చూపించకుండా యాప్‌లో మేము శుభ్రంగా దాచాం. కానీ దాచింది తెర మీద. సర్వర్ మాత్రం టోకెన్ (లాగిన్ అయ్యాక ఇచ్చే గుర్తింపు చీటీ) సరైనదా అని చూసి, సరైనదైతే అడిగిన నంబరు ఇచ్చేస్తోంది. ఆ టోకెన్ గల మనిషికి ఆ నంబరుతో సంబంధం ఉందా అని ఎక్కడా అడగడం లేదు. ఏపీఐల (యాప్‌లు సర్వర్‌తో మాట్లాడే దారుల) కోసం ఓవాస్ప్ ఇచ్చే వేరే జాబితాలో 2019లోనూ 2023లోనూ మొదటి స్థానం దీనిదే.

నాకు అసలు పాఠం అక్కడ అందింది. యాప్ మనం రాశాం గానీ అది నడిచే ఫోన్ మన చేతిలో లేదు. ఫోన్ పట్టుకున్నవాడు మన బటన్లు నొక్కనక్కర్లేదు, మన తెరలు చూడనక్కర్లేదు, నేరుగా సర్వర్‌తో మాట్లాడగలడు. కాబట్టి "వీడికి ఇది ఇవ్వొచ్చా" అనే నిర్ణయం ఏదైనా సరే సర్వర్‌లోనే జరగాలి. యాప్‌లో చేసే తనిఖీ వాడేవాడి సౌకర్యం కోసమే. మొబైల్ సెక్యూరిటీ నేర్చుకుందామని బయలుదేరితే, సగం మందు సర్వర్‌లో ఉందని తేలింది. ఆ వారం నంబర్లకు బదులు యూయూఐడీలనే పొడుగాటి, వరసలో లేని గుర్తింపు కోడ్‌లు పెడితే సరిపోదా అని టీములో గట్టి వాదన నడిచింది. ఊహించడం కష్టమవుతుంది, అంతే. ఆ యూయూఐడీ ఒక వాట్సాప్ లింకులోనో లాగ్‌లోనో బయటపడితే మళ్లీ మొదటికే. చివరికి ప్రతి రిక్వెస్టులో మనిషి, బ్రాంచీ, రికార్డు మూడూ సరిపోతున్నాయా అని చూసే కోడ్ ఒకే చోట రాశారు. సరిపోకపోతే అలాంటి రికార్డే లేదన్నట్టు 404, అంటే దొరకలేదనే జవాబు.

ఫోన్లో ఏం దాస్తున్నామన్నది తర్వాతి అధ్యాయం. లాగిన్ టోకెన్ షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లో (యాప్ చిన్న చిన్న వివరాలు దాచుకునే చోట) మామూలు అక్షరాల్లో ఉందని రిపోర్టు ఎరుపులో గొడవచేసింది. నిజమే, అదొక ఎక్స్ఎంఎల్ ఫైలు. కానీ ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కూ వేరే యూజర్ ఐడీ ఉంటుంది, ఒకదాని ఫైళ్లు ఇంకొకటి చదవలేదు. రూట్ చేసిన ఫోన్‌లోనో, బ్యాకప్‌లోనో అయితేనే బయటపడుతుంది. అంటే సరిచేయాల్సిందే, కానీ కొంప మునగలేదు. కొంప మునిగే సంగతి రిపోర్టులో మీడియంగా ఉంది: ఆధార్ ఫొటోలు. కెమెరాతో తీసిన ఫొటో అప్‌లోడ్ అయ్యాక కూడా ఫోన్ పిక్చర్స్ ఫోల్డర్‌లో మిగిలిపోతోంది. గ్యాలరీలో కనిపిస్తుంది, వార్డెన్ సొంత ఫొటోలతోపాటు క్లౌడ్‌లోకి పోతుంది. వార్డెన్లు తరచూ మారుతుంటారు. ఒక వార్డెన్ ఉద్యోగం మానేసి వెళ్లిపోతే ఎంతమంది పిల్లల ఆధార్‌లు ఆయన జేబులో వెళ్లిపోతాయో ఆలోచించండి. ఎరుపు, నారింజ రంగులు చూసి పని వరస పెట్టుకోకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. మన యాప్ ఎవరి చేతిలో ఉంటుందో టెస్టు చేసినవాళ్లకు తెలియదు, మనకు తెలుసు.

ఫొటోను ఇప్పుడు యాప్ సొంత ఫోల్డర్‌లోనే తీసి, అప్‌లోడ్ అవగానే చెరిపేస్తున్నాం. ఆధార్ చూపించే తెర మీద స్క్రీన్‌షాట్ పడకుండా ఫ్లాగ్ సెక్యూర్ పెట్టాం. పెట్టిన వెంటనే ఓనర్ల ఫోన్లు మొదలు. పోలీసు స్టేషన్లో వివరాలడిగితే వాళ్లు స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చేస్తారట! మాకు తెలియదు. అలవాటును ఆపితే వేరే దారి వెతుక్కుంటారు, ఇంకో ఫోన్‌తో తెరను ఫొటో తీస్తారు. అందుకని యాప్‌లోనే పంపే సౌకర్యం ఇచ్చి, ఎవరు ఎప్పుడు ఎవరిది పంపారో సర్వర్‌లో నమోదయ్యేలా చేశాం. సెక్యూరిటీ పేరుతో పని ఆపేస్తే జనం మన చుట్టూ తిరిగి వెళ్తారు. ఏ పాఠంలోనూ ఈ ముక్క కనబడలేదు.

టోకెన్‌ను ఎన్‌క్రిప్ట్ చేయడం (కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చడం) దగ్గర నేను అనుకున్నదానికంటే ఎక్కువ కాలం ఆగిపోయాను. జావాలో ఏఈఎస్ అని ఎన్‌క్రిప్షన్ పేరు మాత్రమే చెప్పి అడిగితే చాలాచోట్ల ఈసీబీ అనే బలహీనమైన పద్ధతి ఇచ్చేస్తుంది. ఒకే ముక్కకు ఎప్పుడూ ఒకే ఫలితం, కాబట్టి లోపలి రూపం బయటికి తెలిసిపోతుంది. లినక్స్ పెంగ్విన్ బొమ్మను ఈసీబీతో ఎన్‌క్రిప్ట్ చేసి చూపించే ప్రసిద్ధ ఉదాహరణ ఉంది, రంగులు మారతాయి గానీ పెంగ్విన్ పెంగ్విన్‌లాగే నిలబడి ఉంటుంది. సరే, ఈ లోపం లేని జీసీఎం అనే పద్ధతి వాడాలి. మరి కీ ఎక్కడ పెట్టాలి? మా పాత కోడ్‌లో ఒకచోట కీ కూడా కోడ్‌లోనే ఉంది. అక్క ఆ మాట విని నవ్వి, "తాళం గట్టిదే, చెవి గడప మీద పెట్టారు" అంది. ఆండ్రాయిడ్ కీస్టోర్ ఉన్నది ఇందుకే. చాలా ఫోన్లలో కీ చిప్‌లోని వేరే భద్రమైన భాగంలో పుడుతుంది, అక్కడే ఉంటుంది. యాప్ "దీన్ని ఎన్‌క్రిప్ట్ చేసిపెట్టు" అని అడగగలదే గానీ కీని కళ్లతో చూడలేదు. జీసీఎంలో ఒకే కీతో ఒకే ఐవీ (ప్రతిసారీ మారాల్సిన ప్రారంభ సంఖ్య) రెండుసార్లు వాడితే ప్రమాదం కాబట్టి, ఐవీని కూడా కీస్టోరే తయారుచేస్తుంది, మనం ఇస్తే మామూలుగా ఒప్పుకోదు. ఈ మొండితనం నాకు నచ్చింది.

వీటన్నిటికీ గూగుల్ ఇచ్చే జెట్‌ప్యాక్ లైబ్రరీల్లో సులువైనది ఒకటి ఉందని పాఠాలన్నీ చెబుతాయి. తీరా చూస్తే 2025లో గూగుల్ దాన్ని డిప్రికేట్ చేసేసింది, అంటే ఇక వాడొద్దంది. చేత్తోనే రాసుకున్నాం. అది రాశాక మా క్యూఏ అబ్బాయి ఒక తమాషా చూపించాడు. పాత ఫోన్ బ్యాకప్‌ను కొత్త ఫోన్లోకి తెచ్చుకుంటే యాప్ తెరవగానే పడిపోతోంది. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలు బ్యాకప్‌తో వచ్చింది, కీస్టోర్‌లోని కీ రాలేదు, రాదు కూడా. ఆండ్రాయిడ్‌లో బ్యాకప్ మనం వద్దనకపోతే ఉన్నట్టే. ఆ ఫైలును బ్యాకప్ నుంచి తప్పించి, తెరవలేకపోతే మర్యాదగా మళ్లీ లాగిన్ అడిగేలా మార్చాం.

వేలిముద్ర సంగతి ఇంకా ఆశ్చర్యం. వేలిముద్ర సరిపోయిందని సిస్టమ్ చెప్పగానే తెర తెరిచే కోడ్ మాది, చాలామందిదీ అంతే. ఫ్రిడా అనే టూల్ నడుస్తున్న యాప్‌లోకి దూరి ఫంక్షన్లను మార్చేయగలదు. వేలు పెట్టకుండానే "సరిపోయింది" అనే ఫంక్షన్‌ను పిలిపిస్తే తెర తెరుచుకుంది. సరైన పద్ధతి ఏమిటంటే, వేలిముద్ర పడితేనే వాడనిచ్చే కీ ఒకటి కీస్టోర్‌లో పెట్టి, టోకెన్‌ను దానితో ఎన్‌క్రిప్ట్ చేయడం. అప్పుడు ఫంక్షన్‌ను ఎవరు పిలిచినా కీ కదలదు. అవును, కాదు అనే మాట మీద కాకుండా కీ మీద ఆధారపడాలని అక్క చెప్పినప్పుడు తలూపాను గానీ, ఫ్రిడాతో నా చేత్తో చేసి చూశాకే ఒంటబట్టింది.

ఫ్రిడా నేర్చుకోవడానికి ఓవాస్ప్ వాళ్లే అన్‌క్రాకబుల్ అని చిన్న యాప్‌లు ఇస్తారు, పగలగొట్టి చూడమనే. మొదటి లెవెల్‌లో రూట్ ఉందేమో చూసి యాప్ మూసుకుపోతుంది. కొన్ని వరసల స్క్రిప్టుతో ఆ తనిఖీ నోరు మూయించవచ్చు. అది చూశాక, రిపోర్టులో రూట్ డిటెక్షన్ లేదని రాసిన పేజీకి నా దృష్టిలో బరువు తగ్గింది. బ్యాంకు యాప్‌లకు అది ఒక అదనపు గోడ, ఉండాలి. మాకు మాత్రం దానికి పెట్టే శ్రమ సర్వర్ తనిఖీల మీద పెడితే ఎక్కువ లాభం. సర్టిఫికెట్ పిన్నింగ్ (ఫలానా సర్టిఫికెట్‌నే నమ్మమని యాప్‌లో కట్టేయడం) విషయంలోనూ అంతే. మా సర్వర్ సర్టిఫికెట్ ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థది, 90 రోజులకే మారిపోతుంది. సర్టిఫికెట్‌నే యాప్‌లో పిన్ చేసి ఎవరైనా మరచిపోతే, ఒక ఉదయం పీజీలన్నిటిలో యాప్ ఒకేసారి ఆగిపోతుంది. చేస్తే, సర్టిఫికెట్ మారినా అలాగే ఉంచుకోగలిగే పబ్లిక్ కీని పిన్ చేయాలి, పక్కన ఇంకో బ్యాకప్ పిన్ ఉండాలి. ప్రస్తుతానికి వద్దనుకుని, ఎందుకు వద్దనుకున్నామో రాసి టెస్టు చేసినవాళ్లకు పంపాం. ఒప్పుకున్నారు. రిపోర్టులో ఉన్న ప్రతిదానికీ కోడే సమాధానం కానక్కర్లేదని, కారణం చెప్పగలిగితే "లేదు" కూడా సమాధానమేనని అప్పుడు తెలిసింది.

మిగతావి త్వరగా అయిపోయాయి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఇంటెంట్ ఫిల్టర్ (బయటి పిలుపులు అందుకునే ఏర్పాటు) ఉన్న ప్రతి తెరకూ ఎక్స్‌పోర్టెడ్ అవునో కాదో, అంటే వేరే యాప్‌లు దాన్ని తెరవొచ్చో లేదో, రాయాలి. బిల్డ్ ఎర్రర్ పోవాలని అందరూ చేసే పనే మా ఫైల్లోనూ కనిపించింది, అన్నిటికీ ట్రూ. దాంతో ఒక్క ఏడీబీ కమాండుతో పిన్ నంబరు అడిగే తెరను దాటి రసీదుల తెర తెరుచుకునేది. నోటిఫికేషన్ నుంచి తెరవాలంటే ట్రూ ఉండాలని ఒక నమ్మకం ఉంది, అక్కర్లేదు, నోటిఫికేషన్‌లో పెట్టే పెండింగ్ ఇంటెంట్ మన యాప్ హక్కుతోనే నడుస్తుంది. యాప్‌లోపలే వెబ్ పేజీ చూపించే వెబ్‌వ్యూలో తెరిచే లింకులో మా డొమైన్ పేరు "ఎక్కడైనా ఉందా" అని చూసే తనిఖీ ఉండేది. ఆ పేరును అడ్రసు చివర్లో తగిలించి ఎవరి సైటైనా పంపొచ్చు. ఇప్పుడు అడ్రసును విడదీసి హోస్ట్ పేరు అచ్చంగా అదేనా అని చూస్తున్నాం. నాలుగంకెల ఓటీపీకి ఉన్నవి 10,000 అవకాశాలే, ఎన్నిసార్లు తప్పు కొట్టినా ఆపే ఏర్పాటు లేదు. అది కూడా సర్వర్ పనే. ఆండ్రాయిడ్ చిట్టా అయిన లాగ్‌క్యాట్‌లో రిక్వెస్టుల్లోని వివరాలన్నీ రాసే లాగర్‌ను రిలీజ్ బిల్డ్ నుంచి తీసేశాం.

బెంగళూరులో ఉండటం వల్ల కలిగిన లాభం ఒకటి చెప్పాలి. ఇక్కడ నల్ అనే సెక్యూరిటీ సమూహం వాళ్లు ఓవాస్ప్ వాళ్లతో కలిసి శనివారాల్లో ఉచితంగా సమావేశాలు పెడుతుంటారు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ దాటి వెళ్లగలిగితే, కాలేజీ పిల్లల నుంచి బ్యాంకుల్లో పనిచేసేవాళ్ల దాకా కూర్చుని టూల్స్ తెరిచి చూపిస్తారు. నాకు ఫ్రిడా స్క్రిప్టు మొదటిసారి నడిచింది అక్కడే, పక్క కుర్చీలో కూర్చున్న మనిషి సాయంతో. ఆ ఊపులో బస్ టికెట్ల యాప్ ఒకటి తెరిచి చూద్దామా అన్నానని అక్క గట్టిగా కోప్పడింది. అనుమతి లేకుండా వేరేవాళ్ల సిస్టమ్ మీద ఇవి ప్రయోగిస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద నేరం కావచ్చు. బగ్ బౌంటీ (లోపం చూపితే బహుమతి) పెట్టిన కంపెనీలు ఏది ముట్టుకోవచ్చో రాసి ఉంచుతాయి, అంతవరకే.

చట్టం మాట వచ్చింది కాబట్టి, మా మేనేజరులో మార్పు తెచ్చింది నా డెమోలు కాదు, ఒక అంకె. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాకు తగిన రక్షణ పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. సైబర్ దాడులను తెలిసిన 6 గంటల్లోపు ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలని 2022 ఏప్రిల్లో ఇచ్చిన ఆదేశం ఉండనే ఉంది. ఈ రెండూ ఒక స్లైడ్ మీద పెట్టాక, అద్దె పుచ్చుకోవడానికి అసలు ఆధార్ ఫొటో మన దగ్గర ఎంతకాలం ఉండాలి అనే ప్రశ్న మొదటిసారి మీటింగులో వచ్చింది. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల ఫొటోలు గడువు దాటాక చెరిపేసే జాబ్ ఇప్పుడు రోజూ రాత్రి నడుస్తోంది.

రీటెస్టులో ఎరుపు లేదు, పసుపులు కొన్ని మిగిలాయి. ఆ పీజీ సంస్థ సంతకం పెట్టింది. ఇప్పుడు ఐఫోన్ వెర్షన్ మొదలైంది, మళ్లీ అఆలు. మొన్ననే తెలిసింది: ఐఫోన్లో కీచెయిన్‌లో (రహస్యాలు దాచే చోట) పెట్టినవి యాప్ తీసేసినా అలాగే ఉండిపోతాయి. వార్డెన్ యాప్ తీసేసి, అదే ఫోన్లో కొత్త వార్డెన్ మళ్లీ వేసుకుంటే పాత టోకెన్ పలకరిస్తుందన్నమాట. యాప్ మొదటిసారి తెరిచినప్పుడు దాన్ని ఊడ్చేసే కోడ్ రాస్తున్నాను. అంతకంటే ముందు, వార్డెన్ మానేశాడని ఓనరు నొక్కగానే ఆ టోకెన్ సర్వర్‌లోనే చచ్చిపోయేలా బ్యాకెండ్ మిత్రుడికి టికెట్ వేశాను. ఈసారి గురూ అనకుండానే తీసుకున్నాడు.